ఎంబెడెడ్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కు ప్రయోగాత్మక బ్రౌజర్ రన్‌టైమ్ జోడించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేటివ్ విండోలో వెబ్ పేజీనే యాప్ ముఖంగా చూపించే ఫ్రేమ్‌వర్క్‌లు చాలా ఉన్నాయి. అలాంటి ఫ్రేమ్‌వర్క్‌కు, ఇప్పటికే ఉన్న సిస్టమ్ వెబ్‌వ్యూతో (యాప్‌లో వెబ్ పేజీని చూపే, ఆపరేటింగ్ సిస్టమ్ అందించే భాగం) పాటు ఇంకో బ్రౌజర్ ఇంజన్‌ను కలపాలనుకునేవారి కోసం ఈ పేజీ. ఉదాహరణలు ఎక్కువగా రస్ట్‌లో రాసిన టౌరీ అనే ఫ్రేమ్‌వర్క్ నుంచి తీసుకున్నాం, దాని రన్‌టైమ్ పొర విడిగా, స్పష్టంగా ఉంటుంది కాబట్టి. ఇంజన్ల వైపు సీఈఎఫ్ (క్రోమియం ఎంబెడెడ్ ఫ్రేమ్‌వర్క్, క్రోమియంను యాప్‌లో పొదిగేది), సర్వో (ఎక్కువగా రస్ట్‌లో రాసిన ఇంజన్) రెండూ వస్తాయి. రస్ట్ కోడ్ చదవగలిగితే చాలు.

ఇక్కడ రన్‌టైమ్ అంటే ఏమిటి? ఇంజన్ వేరు, రన్‌టైమ్ వేరా?

వేరే. పేజీని గీసేది, జావాస్క్రిప్ట్‌ను నడిపేది ఇంజన్. ఆ ఇంజన్‌తో ఫ్రేమ్‌వర్క్ మాట్లాడే పొర రన్‌టైమ్. విండో తెరవడం, అందులో వెబ్‌వ్యూ పెట్టడం, యాప్ ఫైళ్లను పేజీకి అందించడం, పేజీ నుంచి వచ్చే పిలుపులను రస్ట్ కోడ్‌కు చేర్చడం, ఈవెంట్ లూప్ తిప్పడం, అన్నీ దాని పనులే.

టౌరీలో ఈ పొర టౌరీ-రన్‌టైమ్ అనే క్రేట్‌లో ట్రెయిట్లుగా ఉంది. మామూలుగా అందరూ వాడేది దాని రై (Wry, టౌరీ బృందపు వెబ్‌వ్యూ లైబ్రరీ) అమలు. రై కింద విండోస్‌లో వెబ్‌వ్యూ2, మ్యాక్‌లో డబ్ల్యుకె వెబ్‌వ్యూ, లినక్స్‌లో వెబ్‌కిట్ జీటీకే, ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ వెబ్‌వ్యూ ఉంటాయి. పరీక్షల కోసం మాక్ (mock, నకిలీ) రన్‌టైమ్ అని ఇంకోటి కూడా అదే రిపోలో ఉంది. ట్రెయిట్ల పద్ధతులకు కనీసంగా ఏం రాస్తే కంపైల్ అవుతుందో అందులో తెలుస్తుంది, కాబట్టి కొత్త రన్‌టైమ్ రాసేవారు ముందుగా చదవాల్సిన ఫైలు అదే.

సిస్టమ్ వెబ్‌వ్యూ బాగానే పనిచేస్తుండగా ఇంకోటి ఎందుకు?

అన్ని యాప్‌లకూ అక్కర్లేదు. లినక్స్ వాడుకరులు ఎక్కువగా ఉన్నచోట అవసరం కనబడుతుంది. వెబ్‌కిట్ జీటీకే ఏ వెర్షన్ దొరుకుతుందనేది డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి మారుతుంది, ఒకచోట సవ్యంగా కనిపించిన లేఅవుట్ ఇంకోచోట చెదురుతుంది. ఎన్విడియా డ్రైవర్లతో విండో తెల్లగా ఉండిపోవడం, డీఎంఏబఫ్ రెండరర్‌ను (జీపీయూ మెమరీని నేరుగా పంచుకుని గీసే పద్ధతి) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఆపేస్తే బాగుపడటం చాలామందికి తెలిసిన కథే. ఇంజన్ యాప్‌తోనే వస్తే మూడు డెస్క్‌టాప్‌లలోనూ ఒకే ప్రవర్తన ఉంటుంది.

దానికి ఖరీదు కూడా ఉంది. సీఈఎఫ్ కలిపితే యాప్ బరువు 100 ఎంబీ దాటుతుంది. ఇంజన్ భద్రతా అప్‌డేట్ల బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి యాప్ తయారీదారు మీదికి వస్తుంది. ఈ రెండో ఖరీదే అసలైనది, దాని గురించి కింద విడిగా ఉంది.

సీఈఎఫ్ ఎంచుకోవాలా, సర్వో ఎంచుకోవాలా?

ఉన్న యాప్ ఉన్నట్టుగా నడవాలంటే సీఈఎఫ్. 2008లో మొదలైన ప్రాజెక్టు, లోపల ఉండేది క్రోమియం, కాబట్టి వెబ్ ప్రమాణాల విషయంలో వెలితి దాదాపు ఉండదు. ఒక్క మినహాయింపు మర్చిపోవద్దు: సీఈఎఫ్ ప్రామాణిక బిల్డ్‌లలో హెచ్.264, ఏఏసీ కోడెక్‌లు ఉండవు. వెబ్‌వ్యూ2లో ఆడిన వీడియో ఇక్కడ ఆడకపోతే తప్పు మీ కోడ్‌ది కాదు.

సర్వోను 2012లో మొజిల్లా మొదలుపెట్టింది. 2020 నవంబరులో లినక్స్ ఫౌండేషన్‌కు, 2023లో లినక్స్ ఫౌండేషన్ యూరప్‌కు చేరింది. ఇంజన్‌లో అధికభాగం రస్ట్, అయినా జావాస్క్రిప్ట్‌కు మాత్రం సీ++లో రాసిన స్పైడర్‌మంకీనే వాడుతుంది. ఎంబెడ్ చేసేవారి కోసం ఏపీఐని శ్రద్ధగా మెరుగుపరుస్తున్నారు. మీ పేజీ హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ మీ చేతిలోనే ఉండి, ఇంజన్‌కు రానిదాన్ని పేజీలో తప్పించుకోగలిగితే సర్వో మంచి ఎంపిక. బయటి వెబ్‌సైట్లను తెరిచే యాప్‌కు ఇప్పుడప్పుడే వద్దు.

కోడ్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త ఇంజన్‌తో కాదు, పాత రన్‌టైమ్ ఎక్కడెక్కడ బయటికి కారుతోందో వెతకడంతో. టౌరీలో యాప్‌హ్యాండిల్ అని ఊరికే రాస్తే, రై ఫీచర్ ఆన్‌లో ఉన్నప్పుడు అది రైకి చెందిన యాప్‌హ్యాండిలే అవుతుంది. అలా రాసిన కమాండ్లు, ప్లగిన్లు కొత్త రన్‌టైమ్‌తో కంపైల్ కావు. టైపులు కుదరలేదనే ఎర్రర్లు డజన్ల కొద్దీ వస్తాయి. ప్రతిచోటా రన్‌టైమ్‌ను జెనెరిక్ పారామీటర్‌గా తీసుకునేలా మార్చాలి. ఇది విసుగు పుట్టించే పని, కానీ కొత్త ఇంజన్ కోడ్ ఒక్క లైను రాయకముందే మెయిన్ బ్రాంచ్‌లో కలిపేయవచ్చు, కలిపేయాలి. లేకపోతే మీ బ్రాంచ్ నెలల తరబడి రీబేస్ అవుతూనే ఉంటుంది.

వెబ్‌వ్యూ అసలు నేటివ్ హ్యాండిల్‌ను చేతికిచ్చే పద్ధతిని వాడిన చోట్లన్నీ విడిగా రాసుకోండి. వాటికి జెనెరిక్ పరిష్కారం ఉండదు, ఒక్కొక్కటీ చూసి నిర్ణయించాల్సిందే.

ఆ తర్వాత వరస ఇలా పెట్టుకుంటే ఒక్కో మెట్టూ విడిగా పరీక్షకు నిలుస్తుంది. ముందు ఖాళీ విండో తెరిచి, సైజు మార్చి, మూసి, ప్రాసెస్ శుభ్రంగా ముగుస్తోందో చూడాలి. తర్వాత కస్టమ్ ప్రోటోకాల్ (హెచ్‌టీటీపీ బదులు యాప్ సొంత స్కీమ్) ద్వారా ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు అందించాలి. తర్వాత ప్రారంభ స్క్రిప్టు (పేజీ సొంత స్క్రిప్టుల కన్నా ముందు నడవాల్సినది), ఆ తర్వాత ఐపీసీ (పేజీకీ రస్ట్ కోడ్‌కూ మధ్య పిలుపులు). మెనూలు, ట్రే, డ్రాగ్ అండ్ డ్రాప్, డౌన్‌లోడ్‌లు, ప్రింట్ అన్నీ ఆ తర్వాతే. మూసే పనిని చివరికి వాయిదా వేయొద్దు. బహుళ ప్రాసెస్‌ల ఇంజన్‌లో తెరవడం కన్నా మూయడమే కష్టం.

ఇంజన్‌కు ఇంకా రాని పనులను ట్రెయిట్‌లో ఏం చేయాలి?

రాదని చెప్పాలి. ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఇదే.

ట్రెయిట్‌లో పద్ధతులు పదుల సంఖ్యలో ఉంటాయి, మొదటి రోజు పనిచేసేవి కొన్నే. మిగతావాటిలో ఊరికే ఓకే తిరిగి ఇచ్చేస్తే కంపైల్ అవుతుంది, డెమో కూడా నడుస్తుంది. కానీ కుకీలు చెరిపేయమని యాప్ అడిగితే, ఏమీ చేయకుండా ఓకే అన్నారనుకోండి: వాడుకరి లాగౌట్ అయ్యాననుకుంటాడు, సెషన్ మాత్రం అలాగే ఉంటుంది. అది ఫీచర్ లోపం కాదు, భద్రతా లోపం. నావిగేషన్‌ను అడ్డుకునే హ్యాండ్లర్ కూడా అంతే. దాన్ని పిలవని రన్‌టైమ్‌లో, అనుమతి లేని చిరునామాలు కూడా తెరుచుకుంటాయి.

టుడూ మాక్రో పెట్టి వదిలేయడం కూడా సరికాదు. ఇంజన్ సీ భాష కాల్‌బ్యాక్ ద్వారా మీ కోడ్‌లోకి వచ్చినప్పుడు అక్కడ ప్యానిక్ జరిగితే, రస్ట్ 1.81 నుంచి ప్రాసెస్ మొత్తం అబార్ట్ అవుతుంది. ఎర్రర్ విలువ తిరిగి ఇవ్వండి, అందులో పద్ధతి పేరు, రన్‌టైమ్ పేరు ఉండనివ్వండి. ఎర్రర్ ఇచ్చే వీలులేని పద్ధతుల్లో ఒకసారి లాగ్ చేసి ఊరుకోవచ్చు. కానీ భద్రతకు సంబంధించినవైతే విండో తెరిచే దశలోనే నిరాకరించాలి: నావిగేషన్ హ్యాండ్లర్ అడిగారు, ఈ రన్‌టైమ్ ఇవ్వలేదు, కాబట్టి విండో తెరవం. దాంతో పాటు ఏ ప్లాట్‌ఫామ్‌లో ఏ పద్ధతి వస్తుందో, ఏది రాదో చెప్పే పట్టికను కోడ్ పక్కనే ఉంచి, ప్రతి మార్పుతోనూ సరిచేయండి.

ఫీచర్ ఫ్లాగ్‌తో రన్‌టైమ్ మార్చుకునేలా చేస్తే చాలదా?

ఫ్లాగ్ కావాలి, కానీ ఇది ఉంటే అది ఉండకూడదు అన్న తర్కం కార్గోలో నిలవదు. కార్గో ఫీచర్లు కలుస్తూ పోతాయే తప్ప ఒకదాన్నొకటి తీసేయవు. డిపెండెన్సీ చెట్టులో ఏ మూల ప్లగిన్ అయినా డిఫాల్ట్ ఫీచర్లతో టౌరీని అడిగితే, రై మళ్లీ వచ్చి చేరుతుంది. కంపైల్ అవుతుంది, నడుస్తుంది, లినక్స్‌లో మాత్రం వెబ్‌కిట్ జీటీకే లైబ్రరీ లేదంటూ యాప్ తెరుచుకోదు. కార్గో ట్రీ కమాండ్‌ను తలకిందుల ఆప్షన్ (-i)తో రై మీద నడిపితే ఎవరు లాక్కొచ్చారో కనిపిస్తుంది.

కొత్త రన్‌టైమ్‌ను విడి క్రేట్‌గా, 0.x వెర్షన్‌లో ఉంచండి. యాప్ దాన్ని బిల్డర్ టైప్ పారామీటర్‌గా ఎంచుకుంటుంది. రెండూ ఒకే బైనరీలో ఉన్నా కంపైల్ పరంగా గొడవ ఉండదు. ఇంజన్‌ను గిట్ నుంచి తీసుకుంటుంటే కచ్చితమైన కమిట్‌కు బిగించండి. గిట్ డిపెండెన్సీ మాత్రమే ఉన్న క్రేట్‌ను క్రేట్స్.ఐఓ తీసుకోదన్నది కూడా ముందే తెలిసి ఉండాలి.

ఈవెంట్ లూప్ ఎవరి చేతిలో ఉండాలి?

ఫ్రేమ్‌వర్క్ చేతిలో. మ్యాక్‌లో యూఐ పని మెయిన్ థ్రెడ్ మీదే జరగాలి, ఆ థ్రెడ్ ఇప్పటికే విండో లైబ్రరీ దగ్గర ఉంది. ఇంజన్ తన లూప్ తానే తిప్పుతానంటే కుదరదు.

సీఈఎఫ్‌లో మూడు దారులున్నాయి. దాని లూప్‌నే నడపడం ఒకటి. బహుళ థ్రెడ్‌ల లూప్ ఇంకోటి, అది విండోస్, లినక్స్‌లలోనే ఉంది, మ్యాక్‌లో లేదు. మూడోది బాహ్య మెసేజ్ పంప్, ఫ్రేమ్‌వర్క్‌కు సరిపోయేది ఇదే. ఇన్ని మిల్లీసెకన్ల తర్వాత నన్ను పిలువు అని సీఈఎఫ్ ఏ థ్రెడ్ నుంచైనా అడుగుతుంది. మీరు ఆ సందేశాన్ని మెయిన్ థ్రెడ్‌కు పంపి, లూప్‌ను ఆ సమయం వరకు నిద్రపుచ్చి, లేచాక దాని పని చేయించాలి. కొత్త గడువు వస్తే పాతది రద్దు. గడువు సున్నా లేదా అంతకన్నా తక్కువైతే వెంటనే. ఎంత పొడవైన గడువు వచ్చినా సెకనులో 30వ వంతుకు మించి నిద్రపోకుండా సీఈఎఫ్ నమూనా కోడే హద్దు పెట్టుకుంది, మీరూ పెట్టుకోండి.

ఇక్కడ జరిగే తప్పులు మూడు రకాలు. ఆగకుండా పంప్‌ను పిలిస్తే ఒక సీపీయూ కోర్ మొత్తం కాలుతుంది. పంప్ లోపలి నుంచే మళ్లీ పంప్‌ను పిలిస్తే ఇంజన్ పడిపోతుంది, కాబట్టి నడుస్తోంది అన్న జెండా పెట్టి రెండో పిలుపును వాయిదా వేయాలి. ఇక విండోస్‌లో వాడుకరి విండో అంచు పట్టుకుని లాగుతున్నంతసేపు సిస్టమ్ తన సొంత లూప్‌లోకి వెళ్లిపోతుంది. పంప్ మీ బయటి లూప్‌లో మాత్రమే ఉంటే ఆ సమయమంతా పేజీ గడ్డకడుతుంది. విండో టైమర్ ద్వారా కూడా పంప్ నడిచేలా చూస్తే సరిపోతుంది.

సర్వోలో నమూనా సరళంగా ఉంటుంది. మేల్కొలిపే ఒక వస్తువును మీరు ఇస్తారు, ఇంజన్ ఏ థ్రెడ్ నుంచైనా దాన్ని తడుతుంది, మీరు మెయిన్ థ్రెడ్ మీద ఇంజన్ లూప్‌ను ఒక చుట్టు తిప్పుతారు. కొత్త ఫ్రేమ్ సిద్ధమైందని డెలిగేట్ చెప్పినప్పుడు గీసి, తెరకు పంపాలి.

యాప్ ఒకసారి తెరిస్తే నాలుగైదు విండోలు వస్తున్నాయి, లేదా వెంటనే మూసుకుపోతోంది. ఎందుకు?

క్రోమియం తన రెండరర్, జీపీయూ ప్రాసెస్‌ల కోసం మీ యాప్ ఫైలునే మళ్లీ నడుపుతుంది. కాబట్టి మెయిన్ ఫంక్షన్‌లో అన్నిటికన్నా ముందు సీఈఎఫ్ ప్రాసెస్ ఫంక్షన్‌ను పిలవాలి. అది -1 ఇస్తే మీరు అసలు ప్రాసెస్‌లో ఉన్నట్టు, ముందుకు సాగండి. సున్నా లేదా అంతకన్నా ఎక్కువ ఇస్తే అది పిల్ల ప్రాసెస్, ఆ విలువతోనే నిష్క్రమించండి. దానికి ముందు లాగింగ్, డేటాబేస్, ఒకే యాప్ ఒకేసారి నడవాలనే ప్లగిన్ వంటివేవీ మొదలుకాకూడదు. ఆ ప్లగిన్ ముందు నడిస్తే పిల్ల ప్రాసెస్‌ను రెండో యాప్ అనుకుని చంపేస్తుంది.

మ్యాక్‌లో ఇదే ఫైలును మళ్లీ నడపడం ఉండదు. విడిగా హెల్పర్ యాప్‌లు కావాలి.

పేజీలో టౌరీ ఏపీఐ ఒక్కోసారి ఉంటోంది, ఒక్కోసారి అన్‌డిఫైన్డ్ అంటోంది. కారణం?

ప్రారంభ స్క్రిప్టు పేజీ స్క్రిప్టుల తర్వాత నడుస్తోంది. లోడ్ పూర్తయిందన్న ఈవెంట్ దగ్గర స్క్రిప్టును నడిపితే ఇలాగే అవుతుంది. పేజీ ఆ ఏపీఐని వెంటనే అడిగితే విఫలమవుతుంది, ఆలస్యంగా అడిగితే గెలుస్తుంది.

సీఈఎఫ్‌లో సరైన చోటు రెండరర్ ప్రాసెస్‌లో జావాస్క్రిప్ట్ కాంటెక్స్ట్ పుట్టిన క్షణం. కానీ స్క్రిప్టు పాఠం అసలు ప్రాసెస్‌లో ఉంటుంది. దాన్ని బ్రౌజర్ సృష్టించేటప్పుడు ఇచ్చే అదనపు సమాచారపు డిక్షనరీలో పెట్టండి, రెండరర్‌కు అది ముందే చేరుతుంది. అప్పటికప్పుడు సందేశం పంపి తెప్పించుకోవాలని చూస్తే మళ్లీ ఆలస్యమే. కాంటెక్స్ట్ ప్రతి ఐఫ్రేమ్‌కూ విడిగా పుడుతుంది. ఐపీసీ తాళం (రస్ట్ వైపు పిలిచేందుకు పేజీ చూపాల్సిన రహస్య విలువ) ఉన్న స్క్రిప్టును పరాయి ఆరిజిన్ (స్కీమ్, హోస్ట్, పోర్టు కలిసిన గుర్తింపు) ఫ్రేమ్‌లోకి ఎక్కించకుండా అక్కడే వడకట్టాలి.

ఐపీసీ పనిచేస్తోంది, కానీ పెద్ద ఫైళ్లు పంపితే నత్తనడక. ఏం చూడాలి?

కన్సోల్‌లో కస్టమ్ ప్రోటోకాల్ విఫలమైంది, పోస్ట్‌మెసేజ్‌కు మారుతున్నాం అన్న హెచ్చరిక ఉందేమో చూడండి. టౌరీ 2లో పిలుపులు ఐపీసీ స్కీమ్‌కు ఫెచ్ రూపంలో వెళ్తాయి, బైట్లు బైట్లుగానే ప్రయాణిస్తాయి. అది కుదరకపోతే జేసన్ దారి పడుతుంది. అందులో ప్రతి బైటూ ఒక అంకె, ఒక కామా. ఏ క్రమమూ లేని డేటాలో బైటుకు సగటున 3.57 అక్షరాలు పడతాయి, అంటే 10 ఎంబీ ఫైలు దాదాపు 36 ఎంబీ పాఠమవుతుంది. దాన్ని మళ్లీ పార్స్ చేయాలి కూడా.

ఫెచ్ విఫలమయ్యే కారణాలు నాలుగు. స్కీమ్‌ను ఫెచ్ అనుమతి జెండాతో నమోదు చేయకపోవడం. అన్ని ప్రాసెస్‌లలోనూ కాకుండా అసలు ప్రాసెస్‌లో మాత్రమే నమోదు చేయడం. సీఎస్‌పీలో (పేజీ దేన్ని లోడ్ చేయవచ్చో, ఎవరితో మాట్లాడవచ్చో చెప్పే నియమాలు) కనెక్ట్ మూలాల జాబితాలో ఐపీసీ లేకపోవడం. చివరిది, ఎక్కువమంది గంటలు పోగొట్టుకునేది ప్రీఫ్లైట్: అదనపు హెడర్లు ఉన్నాయి కాబట్టి ఇంజన్ ముందు ఆప్షన్స్ అభ్యర్థన పంపుతుంది, దానికి సరైన జవాబు రాకపోతే అసలు అభ్యర్థన బయల్దేరనే బయల్దేరదు.

రన్‌టైమ్ మార్చగానే వాడుకరుల సెట్టింగులు, లాగిన్‌లు మాయమయ్యాయి. తిరిగి వస్తాయా?

పాత ఇంజన్ ఫోల్డర్‌లో భద్రంగానే ఉంటాయి, కొత్త ఇంజన్‌కు కనిపించవు. లోకల్‌స్టోరేజ్, కుకీలు ఇంజన్‌కూ ఆరిజిన్‌కూ కట్టుబడి ఉంటాయి. టౌరీ 2 పేజీ ఆరిజిన్ మ్యాక్, లినక్స్‌లలో టౌరీ స్కీమ్ మీద లోకల్‌హోస్ట్. విండోస్‌లో మాత్రం మామూలుగా హెచ్‌టీటీపీ స్కీమ్ మీద టౌరీ.లోకల్‌హోస్ట్. మీ సర్వర్ కార్స్ జాబితాలో (ఏ ఆరిజిన్‌లను అనుమతించాలో చెప్పేది) ఉన్నది కూడా ఇదే, కాబట్టి కొత్త రన్‌టైమ్ ఆయా ప్లాట్‌ఫామ్‌లో ఉన్న ఆరిజిన్‌నే కొనసాగించడం మేలు.

పాత డేటా ఫోల్డర్‌ను కొత్త ఇంజన్‌కు చూపించవద్దు. వెబ్‌వ్యూ2, సీఈఎఫ్ రెండూ క్రోమియమే కదా అని ఒకే ఫోల్డర్ ఇస్తే, వెర్షన్ల తేడాతో ప్రొఫైల్ పాడవుతుంది. రన్‌టైమ్ పేరుతో విడి ఫోల్డర్ పెట్టి, అవసరమైన విలువలను పాత రన్‌టైమ్‌తో వచ్చే ఆఖరి విడుదలలో రస్ట్ వైపు ఫైలులోకి ఎగుమతి చేయించండి.

విండోలో నేరుగా పెట్టకుండా ఆఫ్‌స్క్రీన్ రెండరింగ్ వాడవచ్చా?

వాడవచ్చు. అంటే ఇంజన్ పేజీని మెమరీలో గీసి ఇస్తుంది, విండోలో మీరు చూపిస్తారు. లినక్స్ కొత్త డిస్‌ప్లే వ్యవస్థ వేలాండ్‌లో, ఒక ప్రాసెస్ విండోను ఇంకోదాని కింద అతికించే పాత ఎక్స్11 పద్ధతి లేదు కాబట్టి చాలామంది అటే చూస్తారు. లెక్క వేసుకుని దిగండి. 1920×1080 తెర, పిక్సెల్‌కు 4 బైట్లు, ఒక ఫ్రేమ్ 82,94,400 బైట్లు. సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 498 ఎంబీ కాపీ. 4కే తెరకు దానికి నాలుగింతలు. మారిన భాగాల జాబితా ఇంజన్ ఇస్తుంది, అంతవరకే కాపీ చేయండి, లేదా జీపీయూ షేర్డ్ టెక్స్చర్ దారి పట్టండి.

ఇంకో బరువు ఉంది: కీబోర్డు, మౌస్, ఐఎంఈ (కొట్టిన అక్షరాలను తెలుగు వంటి లిపిగా మార్చేది) అన్నీ మీరే ఇంజన్‌కు అందించాలి. లిప్యంతరీకరణ కీబోర్డుతో తెలుగులో ఒక వాక్యం కొట్టి చూడండి. సగం తయారైన పదం కింద గీత కనిపించాలి, సూచనల పెట్టె కర్సర్ పక్కనే రావాలి, ఒత్తులున్న పదంలో బ్యాక్‌స్పేస్ ఊహించినట్టే చెరపాలి. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షిస్తే ఇవేవీ బయటపడవు.

నా మెషిన్‌లో నడుస్తోంది, ప్యాకేజీ చేశాక తెల్ల తెర. ఎందుకు?

ఫైళ్లు లేక. సీఈఎఫ్‌కు లైబ్రరీ ఒక్కటే చాలదు. ఐసీయూ డేటా (భాషలు, లిపుల సమాచారం), వీ8 (జావాస్క్రిప్ట్ ఇంజన్) స్నాప్‌షాట్, పాక్ (వనరుల) ఫైళ్లు, లొకేల్స్ ఫోల్డర్ కూడా వెళ్లాలి. ఐసీయూ ఫైలు లేకపోతే లాగ్‌లో దాని పేరుతోనే ఎర్రర్ కనిపిస్తుంది.

మ్యాక్‌లో హెల్పర్ యాప్‌లు ఫ్రేమ్‌వర్క్స్ ఫోల్డర్‌లో ఉండాలి, ఒక్కోదానికీ సంతకం ఉండాలి, రెండరర్ హెల్పర్‌కు జిట్ అనుమతి (నడుస్తుండగా యంత్ర కోడ్ తయారు చేసుకునే హక్కు) ఉండాలి. ఆ అనుమతి లేకుండా యాపిల్ హార్డెన్డ్ రన్‌టైమ్ (అదనపు భద్రతా పరిమితులు)తో సంతకం చేస్తే రెండరర్ పుట్టగానే చనిపోతుంది.

లినక్స్‌లో శాండ్‌బాక్స్ (పేజీ కోడ్‌ను మిగతా సిస్టమ్ నుంచి వేరుగా బంధించేది) దగ్గర చిక్కు. ఉబుంటు 23.10 నుంచి మామూలు ప్రాసెస్‌లకు, ఆ శాండ్‌బాక్స్‌కు కావాల్సిన యూజర్ నేమ్‌స్పేస్‌లను యాప్‌ఆర్మర్ (లినక్స్ భద్రతా మాడ్యూల్) అడ్డుకుంటోంది. డెబ్ ప్యాకేజీ అయితే మీ యాప్‌కు యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ వేయండి, లేదా క్రోమ్-శాండ్‌బాక్స్ ఫైలును రూట్ పేరిట 4755 అనుమతులతో పెట్టండి. యాప్‌ఇమేజ్‌లో ఈ రెండో దారి పనిచేయదు, ఆ మౌంట్‌లో సెట్‌యూఐడీ (ఫైలును దాని యజమాని హక్కులతో నడిపే అనుమతి) చెల్లదు. శాండ్‌బాక్స్ ఆపేసే ఆప్షన్‌తో విడుదల చేయొద్దు, పరీక్షల్లో కూడా అలవాటు చేసుకోవద్దు.

దీంతో యాప్‌ను వాడుకరులకు విడుదల చేయవచ్చా?

పేజీలో మీ సొంత ఫైళ్లే ఉంటే, అప్‌డేట్లు వెంటవెంటనే పంపగలిగితే, జాగ్రత్తగా చేయవచ్చు. 2023 ఆగస్టులో వచ్చిన క్రోమ్ 116 నుంచి భద్రతా సవరణలు వారం వారం వస్తున్నాయి. సిస్టమ్ వెబ్‌వ్యూ అయితే అవి మీ ప్రమేయం లేకుండానే చేరేవి. ఇప్పుడు ప్రతి సవరణకూ మీరు కొత్త బిల్డ్ చేసి, సంతకం పెట్టి, పంపాలి. ఆ యంత్రాంగం లేని బృందం ఈ రన్‌టైమ్‌ను తన యంత్రాల్లోనే ఉంచుకోవాలి.

పరీక్షలు ఎలా పెట్టాలి? ప్రయోగాత్మకం అన్న ముద్ర ఎప్పుడు తీయాలి?

ఇంజన్‌ను పరీక్షించే పని బ్రౌజర్ల ఉమ్మడి పరీక్షలైన వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్టులది. మీరు పరీక్షించాల్సింది ఫ్రేమ్‌వర్క్‌తో రన్‌టైమ్ ఒప్పందాన్ని: ప్రారంభ స్క్రిప్టు ముందే నడిచిందా, పరాయి ఫ్రేమ్‌కు తాళం అందలేదా, 10 ఎంబీ బైట్లు చెడకుండా వెళ్లి వచ్చాయా, విండో మూశాక పిల్ల ప్రాసెస్ మిగల్లేదా. ఇవే పరీక్షలు పాత, కొత్త రన్‌టైమ్‌లు రెండింటి మీదా, మూడు డెస్క్‌టాప్‌లలో నడవాలి. మ్యాక్‌లో డబ్ల్యుకె వెబ్‌వ్యూకు వెబ్‌డ్రైవర్ (పరీక్ష కోడ్‌తో బ్రౌజర్‌ను నడిపే) సాధనం లేక టౌరీ డ్రైవర్ అక్కడ పనిచేయదు. సీఈఎఫ్‌తో రిమోట్ డీబగ్గింగ్ పోర్టు తెరిచి క్రోమ్‌డ్రైవర్‌ను కలపవచ్చు కాబట్టి ఆ లోటు తీరుతుంది. పోర్టు పరీక్ష బిల్డ్‌లోనే ఉండాలి సుమా.

రాని పద్ధతుల పట్టికలో భద్రతకు సంబంధించిన గడి ఒక్కటి ఖాళీగా ఉన్నా ముద్ర తీయకండి. ప్రింట్ రాకపోయినా, పారదర్శక విండో రాకపోయినా తీయవచ్చు.